దినచర్య రచన – ఆత్మపరిశీలన: జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల సాహిత్య నేపథ్యం

ప్రస్తావన

రోజు ముగిసే వేళ ఒకచోట కూర్చొని, ఆనాడు జరిగినదాన్ని, దానివల్ల మనసులో కలిగిన కదలికను నాలుగు వాక్యాలలో రాసి పెట్టుకోవడాన్ని నేడు ఆత్మపరిశీలనకు, మానసిక స్వస్థతకు ఒక సాధనంగా సూచిస్తున్నారు. ఈ అలవాటు నగర జీవితానికి, ఇంగ్లీషు చదువుకు చెందినదనే అభిప్రాయం మనలో చాలామందికి ఉంది. తెలుగు సాహిత్య చరిత్రలో స్వీయచరిత్రకు, యాత్రాచరిత్రకు దక్కిన స్థానం దినచర్యకు దక్కకపోవడం కూడా ఈ అభిప్రాయానికి కొంత కారణం కావచ్చు.

2016 అక్టోబరు 11న ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల సాహిత్య, సామాజిక చరిత్రను ఈ కోణం నుంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ ప్రాంతంలో తనను తాను పరిశీలించుకొనే గొంతు చాలాకాలంగా ఉంది. దానికి చాలినంతగా దొరకనివి నాలుగు: అక్షరం, కాగితం, ఏకాంతం, తన మాటలో రాయవచ్చుననే ధైర్యం. ఈ నాలుగింటిలో ఏది లోపించినప్పుడు ఆ గొంతు ఏ దారి వెతుక్కుందో గమనిస్తే, నేడు డైరీ మొదలుపెట్టదలచిన వ్యక్తికి లభించే వారసత్వం ఏమిటో తెలుస్తుంది.

దినచర్య: భాష, ప్రయోజనం

ప్రాచీన సాహిత్యంలో కవి తన గురించి చెప్పుకోవడానికి రెండు చోట్లు ఉండేవి. ఒకటి కావ్యావతారిక, రెండవది శతకం. బమ్మెర పోతన భాగవత రచనకు పూనుకొన్న సందర్భాన్ని అవతారికలో చెబుతూ, ఒక చంద్రగ్రహణం నాటి రాత్రిని, ఆ రాత్రి ధ్యానంలో తనకు కలిగిన దర్శనాన్ని వర్ణించాడు. పాల్కురికి సోమనాథుడు వృషాధిప శతకంలో బసవని సంబోధిస్తూ తన ఆర్తిని నివేదించుకొన్నాడు. బమ్మెర, పాలకుర్తి రెండూ నేటి జనగామ జిల్లాలోనివే. వీటిని దినచర్యలు అనలేం. కానీ ‘నేను’ అనే మాటకు అక్కడ చోటు ఉంది. ఆ చోటు దైవాన్ని ఎదుట నిలుపుకొని మాట్లాడే చోటు. తనలో తాను మాట్లాడుకొనే రాతకు, దైవంతో మాట్లాడే రాతకు ఉన్న దగ్గరితనాన్ని ఇక్కడ గమనించవచ్చు.

తేదీల వారీగా సాగిన తెలుగు వచనానికి ప్రసిద్ధమైన ఉదాహరణ ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. దారిలోని విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళకు రాసి పంపాడు. అవి 1838లో అచ్చయ్యాయి. మజిలీల దూరాలు, నీటి వసతి, బాటల స్థితి, ఊళ్ళ ఆచారాలు అందులో విస్తారంగా ఉన్నాయి. రచయిత అభిప్రాయాలూ ఉన్నాయి. అయితే ఆ రాత ఆసాంతం మరొకరు చదవడానికే ఉద్దేశించినది.

తమకోసం రాసుకొన్నవారి విషయంలో ఒక విశేషం కనిపిస్తుంది. తెలుగు ఛందోగ్రంథమైన ఆనందరంగరాట్ఛందాన్ని అంకితం పొందిన పుదుచ్చేరి దుబాసీ ఆనందరంగ పిళ్ళ 1736 నుంచి 1761 వరకు రాసిన సుప్రసిద్ధమైన దినచర్య తమిళంలో ఉంది. వాడుక భాష కోసం జీవితాంతం పోరాడిన గురజాడ అప్పారావు డైరీలలో అధికభాగం ఇంగ్లీషులో ఉంది. వీరిద్దరి అభిరుచిని ఇది తక్కువ చేయదు. ఒక భాషను ప్రేమించడం, ఆ భాషలో తన రోజును రాసుకోవడం రెండూ వేర్వేరు విషయాలని మాత్రం ఇది తెలుపుతుంది. ఒక వ్యక్తి డైరీ ఏ భాషలో మొదలవుతుందన్నది అతని చదువు, ఉద్యోగం, చుట్టూ ఉన్న అధికారం కలిసి నిర్ణయించే విషయం.

ఎవరి రోజును ఎవరు రాశారు?

నిజాం పాలనలోని తెలంగాణలో ఈ సమస్య మరింత తీవ్రం. పాలనాభాష మొదట పారశీకం, తరువాత ఉర్దూ. గ్రామంలో రోజువారీ రాత లేకపోలేదు. వ్యాపారికి చిట్టా, ఆవర్జా ఉన్నాయి. పట్వారికి పహాణీ ఉంది. అయితే ఈ రాతలలో రైతు, కూలీ, వెట్టిచాకిరీ చేసే మనిషి ఒక పేరుగా, ఒక బాకీగా, ఒక భూమి లెక్కగా మాత్రమే కనిపిస్తారు. తన గురించి ఏమి రాసి ఉందో చదవలేని మనిషికి పుస్తకమంటే భయమే మిగులుతుంది. అక్షరంతో తొలి పరిచయం బాకీపత్రంగానో, వేలిముద్రగానో కలిగిన కుటుంబాలలో ‘రాసుకోవడం’ ఊరటనిచ్చే పనిగా తోచకపోవడం సహజం.

పాలకుర్తికి చెందిన చాకలి ఐలమ్మ చరిత్ర ఈ నేపథ్యంలో ముఖ్యమైనది. తాను సాగుచేసిన భూమిని, పంటను దక్కించుకోవడానికి విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డిని ఎదిరించిన ఐలమ్మ పోరాటం తెలంగాణ సాయుధ పోరాట చరిత్రలో తొలి ఘట్టాలలో ఒకటి. ఆమె 1985 సెప్టెంబరు 10న మరణించింది. స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన ‘మనకు తెలియని మన చరిత్ర’ గ్రంథంలో ఆమె కథనం ఆమె మాటల్లోనే ఉంది. పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాన్ని దశాబ్దాల తరువాత, అడిగేవారు దొరికినప్పుడు చెప్పుకొన్న గ్రంథం అది. వారి జ్ఞాపకంలో సంఘటనలతో పాటు దుఃఖం, కోపం, విడిచిపెట్టి రావలసి వచ్చిన పిల్లలు, పోరాటం ముగిశాక ఎదురైన ఒంటరితనం ఉన్నాయి. నాయకుల అనుభవ గ్రంథాలలో అరుదుగా కనిపించే లోపలి చరిత్ర ఇది.

ఈ మౌఖిక కథనాలను దినచర్యతో పోల్చినప్పుడు రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, అంతరంగాన్ని గమనించే శక్తికి అక్షరాస్యత షరతు కాదు. రెండవది, ఆ శక్తి ఉన్నా అది భద్రపడడానికి మరొకరి రాక కోసం ఎదురుచూడవలసి వచ్చింది. అడిగేవారు రాకముందే వెళ్ళిపోయినవారి మాటలు వారితోనే పోయాయి. బతుకమ్మ పాటల్లో, నాట్ల వేళ పాటల్లో స్త్రీలు తమ గోడును కలిపి పాడుకొన్నారు. గుండె బరువు దించుకొనే ఒక సామూహిక పద్ధతి అది. అయితే పదిమందిలో పాడగలిగిన బాధ ఒకటి, ఎవరికీ చెప్పలేని బాధ మరొకటి. ఆ రెండవదానికి పాటలో చోటు తక్కువ.

బొగ్గు, గోడ, జ్ఞాపకం

అక్షరం ఉండి కాగితం లేని స్థితికి దాశరథి కృష్ణమాచార్య జీవితం ఉదాహరణ. ఆయన 1925 జూలై 22న నేటి మహబూబాబాద్ జిల్లాలోని చిన్నగూడూరులో జన్మించాడు. నిజాం వ్యతిరేక పోరాటంలో అరెస్టయి వరంగల్, నిజామాబాద్ జైళ్ళలో ఉన్నాడు. నిజామాబాద్ జైలులో పళ్ళు తోముకోవడానికి ఇచ్చే బొగ్గుతో గోడల మీద పద్యాలు రాశాడు. అక్కడ ఆయనతో పాటు ఖైదీగా ఉన్నవాడు వట్టికోట ఆళ్వారుస్వామి. 1949లో వెలువడిన ‘అగ్నిధార’ను దాశరథి ఆయనకే అంకితమిచ్చాడు. తోటి ఖైదీల జీవితాలను ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలుగా మలిచాడు.

ఈ గోడరాతలను ధిక్కార కవిత్వంగా విమర్శకులు సరిగానే గుర్తించారు. వాటికి మరొక పార్శ్వం కూడా ఉంది. 1948 సెప్టెంబరు 17తో నిజాం పాలన ముగుస్తుందని ఆ ఖైదీకి తెలియదు. తాను బయటికి వస్తానో లేదో తెలియదు. రాత నిలుస్తుందన్న నమ్మకమూ లేదు. గోడను ఎవరైనా కడిగివేయవచ్చు. అయినా రాశాడు. ముగింపు తెలియకుండా, నిలుస్తుందన్న హామీ లేకుండా, ఆ పూట మనసు చెదరకుండా నిలుపుకోవడానికి రాయడమే దినచర్య ప్రధాన లక్షణం. ఈ అర్థంలో ఆ గోడ ఒక పుట.

స్వీయచరిత్రకు, దినచర్యకు గల భేదం ఇక్కడ స్పష్టమవుతుంది. దాశరథి ‘యాత్రాస్మృతి’, ఆయన తమ్ముడు దాశరథి రంగాచార్య ‘జీవనయానం’ రెండూ వెనుదిరిగి చూసి రాసినవి. 1928 ఆగస్టు 24న అదే చిన్నగూడూరులో జన్మించిన రంగాచార్య ఊరి జీవితాన్ని, పోరాటాన్ని, ఇంటి కష్టాలను ‘జీవనయానం’లో విస్తారంగా చిత్రించాడు. వెనుదిరిగి చూసే రచయితకు ఏది ముఖ్యమో, ఏది కాదో ముందే తెలుసు. ఏ రోజు రాత ఆ రోజే రాసే మనిషికి అది తెలియదు. అందువల్ల అతడు తన సందేహాన్ని కూడా రాస్తాడు. స్వీయచరిత్ర జీవితానికి అర్థం చెబుతుంది. దినచర్య ఆ అర్థం ఇంకా ఏర్పడని దశను భద్రపరుస్తుంది. మానసిక స్వస్థత దృష్ట్యా ఈ రెండవదానికి ప్రత్యేక విలువ ఉంది.

నవలలో ఒక రోజు

కాగితం, అక్షరం రెండూ అందిన తరం విశ్వవిద్యాలయానికి చేరినప్పుడు ఏమైందో అంపశయ్య నవీన్ రచన చూపుతుంది. నేటి జనగామ జిల్లా పాలకుర్తి మండలం వావిలాలలో 1941లో జన్మించిన నవీన్ 1969లో ‘అంపశయ్య’ నవలను వెలువరించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండే రవి అనే విద్యార్థి జీవితంలో ఒకే ఒక రోజు, సుమారు పదహారు గంటల కాలం అందులోని ఇతివృత్తం. చైతన్యస్రవంతి శిల్పానికి తెలుగులో వచ్చిన ముఖ్యమైన నవలగా దీనికి పేరుంది.

పల్లె నుంచి వచ్చిన యువకుడు నగరంలో, చదువుల ఒత్తిడిలో, డబ్బు చింతలో, తోటివారి మధ్య ఉంటూనే ఒంటరిగా గడిపిన రోజు అది. పేరే అతని స్థితిని చెబుతుంది. రవి తన ఆలోచనలను ఎవరితోనూ పూర్తిగా పంచుకోడు. రాసుకోడు కూడా. రచయితే అతని తరఫున రాశాడు. ఐలమ్మకు అక్షరం లేదు, దాశరథికి జైలులో కాగితం లేదు, రవికి రెండూ ఉండి ఏకాంతం లేదు. అతని ఆలోచన తిరిగినచోటే తిరుగుతూ అలసిపోతుంది. మనసులో సుడి తిరిగే ఆలోచనకు, కాగితం మీద వరుసగా దిగే ఆలోచనకు ఉన్న తేడాను ఈ నవల చదివినప్పుడు పాఠకుడు గ్రహిస్తాడు. నేటి వసతిగృహాలలోని విద్యార్థులు ఈ నవలను యాభై ఏళ్ళకు పైబడిన పాతకథగా చదవరని ఈ వ్యాసకర్త నమ్మకం.

నివేదిక పుస్తకం, ముచ్చట

భూపాలపల్లిలో రోజువారీ రాతకు మరొక రూపం ఉంది. సింగరేణి సంస్థ కాకతీయ ఖని గనులు ఇక్కడివి. గనిలో జీవితం షిఫ్టులుగా, మస్టర్లుగా సాగుతుంది. భద్రతా నిబంధనల ప్రకారం మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ తమ షిఫ్టులో చూసిన స్థితిని నివేదిక పుస్తకంలో రాసి సంతకం చేయాలి. పైకప్పు ఎలా ఉంది, గాలి సరిగా ఆడుతున్నదా, వాయువు ఉన్నదా అన్నవి అందులోని అంశాలు. తరువాతి షిఫ్టువారి ప్రాణాలు ఈ రాతపై ఆధారపడతాయి. రోజూ చూసి, చూసినదాన్ని దాచకుండా రాయడం ప్రాణరక్షణకు సంబంధించిన పని అని గని ప్రాంతం అనుభవంతో ఎరుగును. మనిషి లోపలి స్థితిని గురించి అలాంటి రాత అవసరమన్న ఆలోచన మాత్రం ఇంకా అలవాటుగా మారలేదు. పైకప్పులో సన్నని పగులును గుర్తించి రాసే చేయి, తన నిద్రలేమిని, దిగులును గుర్తించి రాయడానికి సందేహిస్తుంది.

ఈ జిల్లాకు ఎవరి పేరు పెట్టారో ఆ ఆచార్య కొత్తపల్లి జయశంకర్ జీవితకథ ‘వొడవని ముచ్చట’ సంభాషణ రూపంలో వెలువడింది. కొంపెల్లి వెంకట్ గౌడ్ అడుగగా జయశంకర్ చెప్పినది అది. ఎంతో చదువుకొని, విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన వ్యక్తి జీవితం కూడా ముచ్చటగానే మనకు అందింది. తెలంగాణలో ఆత్మకథనానికి సహజమైన రూపం ముచ్చట అనడానికి ఇదొక నిదర్శనం. దీనికి మూలమైన భాషాచైతన్యాన్ని కాళోజీ నారాయణరావు తన కవిత్వంలో ముందే ప్రకటించాడు. 1953లో వెలువడిన ఆయన సంపుటి పేరు ‘నా గొడవ’. సొంత వేదనకు, లోకం వేదనకు కలిపి ఒక ఇంటిమాటను శీర్షికగా పెట్టడం సామాన్యమైన విషయం కాదు. తన గొడవను తన పలుకుబడిలో చెప్పుకొనే హక్కు అందులో ఉంది.

రాతకు, స్వస్థతకు గల సంబంధం

రాయడం వల్ల మనసుకు మేలు కలుగుతుందన్న భావనను అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ పెన్నెబేకర్, సాండ్రా బీల్ 1986లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షించారు. 46 మంది విద్యార్థులు నాలుగు రోజుల పాటు రోజుకు 15 నిమిషాలు రాశారు. కొందరు సామాన్య విషయాలను, మిగిలినవారు తమ జీవితంలోని బాధాకర ఘటనలను రాశారు. జరిగిన విషయాన్ని, దాని వల్ల కలిగిన భావాన్ని కలిపి రాసినవారు రాసిన వెంటనే ఎక్కువ దిగులు చెందారు. కానీ తరువాతి నెలలలో వారు అనారోగ్యంతో వైద్యకేంద్రానికి వెళ్ళడం తగ్గింది. 2006లో జోవాన్ ఫ్రాట్టరోలి 146 అధ్యయనాలను సమీక్షించి, మేలు ఉన్నదని, అయితే సగటున అది స్వల్పమని తేల్చింది. కాబట్టి దినచర్యను వైద్యానికి ప్రత్యామ్నాయంగా చెప్పడం సరికాదు. తీవ్రమైన కుంగుబాటుకు వైద్యుని సహాయం అవసరం.

మన ప్రాంత చరిత్రకు ఈ అధ్యయనంలో సంబంధించిన అంశం ఒకటుంది. ఘటనను, భావాన్ని కలిపి చెప్పడమే అందులోని కీలకం. పహాణీలో ఘటన ఉంది, భావం లేదు. గని నివేదికలోనూ అంతే. పాటలో భావం ఉంది, వ్యక్తిగత ఘటన కరిగిపోయి ఉంటుంది. ఐలమ్మ వంటి స్త్రీల కథనాలలో రెండూ కలిశాయి. అందుకే అవి చెప్పినవారికి, విన్నవారికి అంత బలమైనవిగా తోచాయి.

అలవాటు ప్రారంభం: భాష, ఏకాంతం

పరిశోధన కోసం పాలకుర్తి, చిన్నగూడూరు ప్రాంతాలలో తిరిగినప్పుడు ఈ వ్యాసకర్త ఒక నోటుపుస్తకం ఉంచుకోవడం జరిగింది. ఎడమ పుటలో సేకరించిన సమాచారం, కుడి పుట ఖాళీ. కొన్ని వారాలకు కుడి పుట నిండసాగింది. బస్సు దొరకని సాయంత్రం, ఒక ముసలమ్మ చెప్పిన మాట విని రాత్రి నిద్రపట్టకపోవడం, పరిశోధన ముగుస్తుందా అన్న సందేహం అందులో చేరాయి. ఎడమ పుటలోనివి గ్రాంథిక వాసన గల వాక్యాలు. కుడి పుటలో ఇంటి యాస దానంతట అదే వచ్చింది. బడిలో దిద్దించుకొన్న భాష వదిలి, దిద్దేవారు లేని భాషలోకి రావడానికి ఇరవై ఏళ్ళు పైగా పట్టిందన్నమాట.

ఈ అనుభవం ఒక్కరిది కాదు. మహబూబాబాద్ జిల్లాలో లంబాడీ కుటుంబాల పిల్లలు, భూపాలపల్లి ప్రాంతంలో కోయ కుటుంబాల పిల్లలు ఇంట ఒక భాష, బడిలో తెలుగు, ఉద్యోగం కోసం ఇంగ్లీషు నేర్చుకొంటున్నారు. వారి దినచర్య ఏ భాషలో ఉండాలి? తెలుగు లిపిలో గోర్ మాటలు రాసుకొన్నా, రెండు భాషలు కలిపి రాసినా దానిని తప్పనేవారు ఆ పుటలో ఉండరు. దినచర్యలోని స్వేచ్ఛ ఇదే. మార్కులు లేని, సవరణ లేని రాత విద్యార్థి జీవితంలో బహుశా ఇదొక్కటే.

పై చరిత్ర నుంచి, పై అధ్యయనాల నుంచి ప్రారంభకునికి కొన్ని సూచనలు లభిస్తాయి. తేదీ, చోటు వేసి మొదలుపెట్టాలి. వీరాస్వామయ్య లాగా కంటికి కనిపించినదాన్ని ముందు రాస్తే మనసులోని మాటకు దారి దొరుకుతుంది. ఘటనను, భావాన్ని కలిపి రాయాలి. పదిహేను నిమిషాలు చాలు. ఒకనాడు తప్పితే మరునాడు రాయవచ్చు, అది మొక్కుబడి కాదు. రాసిన వెంటనే మనసు బరువెక్కితే భయపడనక్కరలేదు. ఆ బరువు రోజులు గడిచినా తగ్గకపోతే రాత ఆపి, నమ్మిన మనిషితోనో వైద్యునితోనో మాట్లాడాలి. చివరిది ఏకాంతం. ఒకే గదిలో నలుగురు ఉండే ఇంట్లో, ఇరవై మంది ఉండే వసతిగృహంలో తాళం వేసుకొనే పెట్టె ఒకటి ఉండడం ఈ అలవాటుకు కలం కన్నా ముందు కావలసిన వస్తువు. రాసినదాన్ని చించివేసే హక్కు కూడా రాసినవారిదే.

ఉపసంహారం

పోతన అవతారికలో దైవం ఎదుట, ఐలమ్మ కథనంలో అడిగినవారి ఎదుట, దాశరథి పద్యంలో జైలుగోడ ఎదుట, నవీన్ నవలలో పాఠకుని ఎదుట ఈ ప్రాంతపు ‘నేను’ మాట్లాడింది. ప్రతిచోటా ఎదుట ఎవరో ఒకరు, ఏదో ఒకటి ఉంది. ఎదుట తానే ఉండి, తన మాటలో, తనకోసం రాసుకొనే అవకాశం ఈ మూడు జిల్లాల సామాన్యులకు కలిగింది ఇటీవలి తరాలలోనే. అందువల్ల ఇక్కడ ఒక విద్యార్థిని, ఒక గని కార్మికుడు, ఒక గృహిణి డైరీ మొదలుపెట్టడాన్ని అరువు తెచ్చుకొన్న అలవాటుగా చూడనక్కరలేదు. తమ గురించి ఇతరులు రాసిన పుస్తకాల చరిత్రలో, తమ పుస్తకాన్ని తాము రాసుకోవడంగా దీన్ని చూడవలసి ఉంటుంది.

తెలుగు శాఖలు ఈ విషయంలో చేయదగిన పనులు రెండు. మొదటిది, పాత ఉపాధ్యాయులు, కార్యకర్తలు, కార్మికుల ఇళ్ళలో మిగిలిన నోటుపుస్తకాలను కుటుంబాల సమ్మతితో గుర్తించి భద్రపరచడం. రెండవది, తరగతిగదిలో దినచర్యను ఒక ప్రక్రియగా బోధిస్తూనే, విద్యార్థి దినచర్యను చదవకుండా ఉండడం. మొదటిదానికి శ్రమ కావాలి. రెండవదానికి సంయమనం కావాలి. సొంత రాత మీద రాసినవారికే హక్కు ఉండాలన్న సూత్రం ఈ రెండింటికీ ఆధారం.